మూడు టేకుల పుట్టువెంట్రుకలు

ఎలుతేరియో సుకసాకా పది సినిమాల్లో వేషం వేశాడు. పదింటిలోనూ శవం వేషమే. మామూలు శవమైతే కదలకుండా పడుకుంటే సరిపోతుంది. ఇతనిది శాపగ్రస్తుడి వేషం. బతికుండగా చేసిన పాపానికి మట్టి కూడా ఒప్పుకోక బయటికి నెట్టేస్తే, గొలుసు ఈడ్చుకుంటూ మనుషుల్ని తినడానికి తిరిగేవాడన్నమాట. కొండల మీది మా హులియాకా ఊళ్ళో తీసే సినిమాలో శాపగ్రస్తుడు లేకపోతే జనం రారు. వాడు మూలగాలి, నడవాలి, చివర్లో తగలబడాలి. మాటలుండవు. అందుకే పోస్టరు మీద ఎలుతేరియో పేరు చిన్న అక్షరాల్లో, జ్ఞానతండ్రుల జాబితా కింద ఉండేది.

మా ఊళ్ళో దేనికైనా ఒక జ్ఞానతండ్రి ఉంటాడు. బిడ్డ జ్ఞానస్నానానికే కాదు, ఫుట్‌బాల్ జట్టు బనియన్లకి, బడి పిల్లల కేకుకి, కొత్త రిక్షాకి కూడా ఎవరో ఒకరు జ్ఞానతండ్రిగా నిలబడి భారం మోస్తారు. సినిమాలూ అలాగే తీసేవాళ్ళం. కెమెరాకి జ్ఞానతండ్రి బస్సుల యజమాని దోన్ విల్బర్ లారికో. జనరేటరుకి సిమెంటు కొట్టాయన. రక్తానికి మాంసం వీధి సంఘం. మధ్యాహ్నం పులుసుకి జ్ఞానతల్లి, సంతలో తలకాయ పులుసు అమ్మే ఫోర్తునాతా. ఇలా నలభై మంది. నలభై మందినీ సినిమాలో ఎక్కడో ఒకచోట చూపించాలి. అందుకే మా సినిమాల్లో ఏ ఇంట్లో చూసినా విందు జరుగుతూ ఉంటుంది, సూటు వేసుకున్న పెద్దమనుషులు కెమెరా వంక చూస్తూ కూర్చుని ఉంటారు.

ఎలుతేరియో అసలు పని టోపీలు. మా ఆడవాళ్ళు పెట్టుకునే గుండ్రటి గట్టి ఉన్ని టోపీ వడగళ్ళకి చొట్టబోతే అతని దగ్గరికి తెస్తారు. ఆవిరి పట్టి, కొయ్య అచ్చు మీద బిగించి, అంచు తీర్చి, కొత్తదానిలా ఇచ్చేవాడు. అతని కొట్టుకి ఎదురుగా నాది రేడియోలు బాగుచేసే కొట్టు. సినిమాలకి శబ్దం పట్టేది కూడా నేనే. పాడైన టేపు రికార్డర్లు విప్పి బిగించి నేర్చుకున్నాను తప్ప ఎవరూ నేర్పలేదు.

మొదటి సినిమాలో శాపగ్రస్తుడి వేషం నీటి ఆఫీసు గుమాస్తా ఒకడిది. ముఖానికి మసి పూస్తుండగా వాడి పెళ్ళాం చెప్పులతో వచ్చి, జుట్టు పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళింది. ఆ సమయానికి ఎలుతేరియో ఎవరిదో టోపీ ఇవ్వడానికి వచ్చి నిలబడి ఉన్నాడు. పొడుగు మనిషి, దవడ పళ్ళు రెండు వైపులా లేక బుగ్గలు లోపలికి పోయి ఉంటాయి. మా దర్శకుడు నికనోర్ పకోంపియా బళ్ళో మేష్టారు, సెలవుల్లో సినిమాలు తీస్తాడు. అతను ఎలుతేరియో చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అన్నా, నీ బుగ్గలు పుట్టుకతోనే ఇంతేనా?"

"పళ్ళు పీకించుకున్నా సారూ."

"మన కోసమే పీకించుకున్నావు. ఓ గంట చచ్చిపోతావా?"

"మరి ఈ టోపీ?"

"నెత్తిన పెట్టుకో. శవానికి మాత్రం చలెయ్యదా?"

అలా చచ్చిపోయినవాడు పదిహేడేళ్ళు చస్తూనే ఉన్నాడు.

పని నేర్చుకోవడంలో అతని పద్ధతి నాకు నచ్చేది. నడక కోసం ఒక సోమవారం పొద్దంతా పశువుల సంతలో గిట్టలు చెడిన గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎడమ బూటులో ఒక గులకరాయి వేసుకున్నాడు. "రెండో బూటులో కూడా వెయ్యి, ఇంకా బాగుంటుంది" అని నికనోర్ అంటే, "రెండు కాళ్ళూ నొప్పెడితే మనిషి తిన్నగానే నడుస్తాడు సారూ" అన్నాడు. వేసుకుని చూసి చెప్పిన మాట అది. ముఖానికి గోధుమ పిండి ముద్ద, మసి, కాఫీ పిప్పి. పురుగులకి ఉడికించిన సేమ్యాలు. పులుసులో ఉడికిన సేమ్యాలు కావడంతో ఊరకుక్కలు వెంటపడేవి. వాటిని అదిలించడానికి కూడా అతను నడక తప్పేవాడు కాదు. కుక్కల మీద కూడా మూలిగేవాడు.

గొలుసు దగ్గర నాకూ అతనికీ స్నేహం కుదిరింది. అతను ఈడ్చేది నిజం ట్రాక్టరు గొలుసు. మోయలేక చచ్చేవాడు, కానీ నా యంత్రంలో అది చెంచా కిందపడ్డట్టు వినిపించేది. నేను సైకిల్ గొలుసుని రేకు తొట్టిలో ఈడ్చి శబ్దం పట్టాను. అది వినిపిస్తే, మర్నాటి నుంచి తన అడుగు దానికి తగ్గట్టు మార్చుకున్నాడు. మిగతా నటులంతా నన్నే సర్దుకోమనేవాళ్ళు.

ఇక రాత్రి సన్నివేశాలన్నీ మేం మిట్టమధ్యాహ్నమే తీసేవాళ్ళం. దీపాలకి జ్ఞానతండ్రి దొరకలేదు. కెమెరా ముందు నీలం గాజు పెట్టి, నడినెత్తిన ఎండ కాస్తుంటే నికనోర్ అరిచేవాడు. "అర్ధరాత్రయింది! ఎవరూ కళ్ళు చిట్లించొద్దు!"

సినిమా పూర్తయ్యాక ప్రొజెక్టరు రిక్షాలో వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళం. ఎలుతేరియో పూర్తి వేషంలో ముందు కూర్చునేవాడు. జనం దెయ్యం పోవాలని ఉప్పు విసిరేవారు. దొంగ డిస్కులు అమ్మే బళ్ళ మీద అతని ముఖం వరసగా వేలాడేది. తినని పిల్లలకి తల్లులు "ఎలుతేరియో వస్తాడు, మింగు" అని పెట్టేవారు. పేరంటే అదీ. అయితే ఆ పేరుతో ఒక ఇబ్బంది వచ్చిపడింది. పదిహేడేళ్ళలో ఒక్కరు కూడా తమ బిడ్డకి అతన్ని జ్ఞానతండ్రిగా ఉండమని అడగలేదు.

మా దగ్గర అది చిన్న లోటు కాదు. జ్ఞానతండ్రి అయితే బిడ్డ తల్లిదండ్రులు ఆ రోజు నుంచి కొంపాద్రె అని పిలుస్తారు, అతను వాళ్ళని కొంపాద్రె, కొమాద్రె అంటాడు. సొంత అన్నదమ్ములతో పోట్లాడినా కొంపాద్రెతో పోట్లాడరు. ఇల్లు కప్పేది వాళ్ళే, కార్నివాల్‌లో పక్కన ఆడేది వాళ్ళే, చివరికి శవపెట్టె మోసేది కూడా వాళ్ళే. ఎలుతేరియోకీ భార్య హుస్తినాకీ పిల్లల్లేరు. కొంపాద్రెలూ లేరు. పక్కింటి కప్పు వేసినప్పుడు ముప్ఫై మంది కొంపాద్రెలు బ్యాండు మేళంతో వచ్చి మధ్యాహ్నానికల్లా రేకులన్నీ బిగించేశారు. వీళ్ళింటి కప్పుకి నేనూ హుస్తినా రేకు చెరో కొస పట్టుకున్నాం, అతను మేకు కొట్టాడు. నాలుగో రేకు గాలికెగిరి ఫుట్‌బాల్ మైదానంలో పడింది. అక్కడ ఆట ఆపి, అది ఎవరి గోలో తేల్చుకోలేక కొట్టుకున్నారు. నాకు పెళ్ళి కాలేదు, బిడ్డల్లేరు. ఈ విషయంలో అతనికి నేనెందుకూ కొరగాను.

ఒకసారి మాత్రం నోరు తెరిచి అడిగాడు. మా వీధి రొట్టెల వాడికి మూడో కొడుకు పుట్టాడు.

"అన్నా, చిన్నోడికి ఇంకా ఎవర్నీ అనుకోలేదటగా?" అన్నాడు ఎలుతేరియో, చేతిలో టోపీ తిప్పుకుంటూ.

రొట్టెల వాడు పిండి పిసకడం ఆపాడు. "నువ్వు మంచోడివే అన్నా, కాదన్ను. కానీ రేపు ఫోటో తీస్తారా? నా కొడుకుని శవం ఎత్తుకుపోతున్నట్టు ఉంటుంది. మా ఆవిడ గోడకి పెట్టనివ్వదు."

ఎలుతేరియో నాలుగు రొట్టెలు కొనుక్కుని వచ్చాడు. ఆ తర్వాత ఎవర్నీ అడగలేదు.

పదో సినిమాకి నికనోర్ రాసుకున్న కథలో ఒక పిసినారి ఉంటాడు. మనవరాలి పుట్టువెంట్రుకలు తీయకముందే చచ్చిపోతాడు. పండగ రోజున శాపగ్రస్తుడై వచ్చి, అందరూ చూస్తుండగా మొదటి జడ తనే కత్తిరిస్తాడు. మా దగ్గర పుట్టువెంట్రుకలు కత్తెర పెట్టకుండా మూడు నాలుగేళ్ళు పెంచుతారు. పండగ రోజున జుట్టంతా సన్న జడలుగా అల్లి, రిబ్బన్లు కట్టి, మొదటి జడ జ్ఞానతండ్రి చేత కత్తిరిస్తారు. తర్వాత చుట్టాలంతా తలా ఒకటి.

ఆ మనవరాలి వేషానికి కత్తెర పడని పిల్ల కావాలి. పులుసు ఫోర్తునాతా కూతురు నైదాకి నాలుగేళ్ళు, జుట్టు నడుం దాకా ఉంది. అక్టోబరులో దాని పండగ. జ్ఞానతండ్రి దోన్ విల్బరే. చూడి ఆవుని తోలుకొస్తానని మాటిచ్చాడు. ఫోర్తునాతా అప్పటికే కొట్టం కట్టించి, ఆవుకి పేరు కూడా పెట్టేసింది.

"నా బిడ్డ సినిమాలో పడాలంటే పడనీ," అంది నికనోర్‌తో, గరిటె ఊపుతూ. "ఒక్క వెంట్రుక తెగిందా, సారూ, నీ కెమెరా నా కుండలో ఉడుకుద్ది."

"తెగేది గుర్రపు వెంట్రుకలమ్మా! వాటితో ఐదు జడలు అల్లించా. ఎర్ర రిబ్బను కట్టి పాప జుట్టులో కలుపుతాం. ఎలుతేరియో ఎర్ర రిబ్బను చూసి కోస్తాడు. అసలు జడలకేమో నీలం, పసుపు."

ఎలుతేరియో బెంగ వేరే. ఆ పిల్ల తనని చూసి జడుసుకుంటే ఎలా? అందుకని షూటింగుకి ముందు మూడు రోజులు పూర్తి వేషం వేసుకుని పులుసు కొట్టుకి వెళ్ళి కూర్చున్నాడు. మొదటిరోజు పిల్ల బల్ల కింద నుంచి చూసింది. రెండోరోజు దగ్గరికొచ్చి అతని బుగ్గ మీద పురుగుని లాగి, వాసన చూసి, నోట్లో వేసుకుంది. మూడోరోజు ఒళ్ళో కూర్చుని, "ఇంకో పురుగు" అని అడిగింది. బుగ్గ ఖాళీ అయితే వాళ్ళమ్మ కుండలోంచి మళ్ళీ అతికించుకునేవాడు.

షూటింగు ఫోర్తునాతా ఇంటి వాకిట్లోనే. నికనోర్ చుట్టాలందరికీ చెప్పాడు. "తాగినట్టు నటించండి, ఆడినట్టు నటించండి. అంతే."

కానీ ఉత్తుత్తి పండగ చేయడం మావాళ్ళకి చేతకాదు. బీరు పెట్టెలు వచ్చాయి. సాంపోన్యా అనే వెదురు గొట్టాల వాద్యం ఊదేవాళ్ళు ఇద్దరు, ఒక డప్పు వచ్చారు. నెత్తిన చల్లడానికి రంగు కాగితం ముక్కలు వచ్చాయి. బల్ల మీద నేత గుడ్డ పరిచి, పళ్ళెం పెట్టి, కత్తెరకి పూలు చుట్టారు. దోన్ విల్బర్ కెమెరా జ్ఞానతండ్రి హోదాలో ముందు వరసలో కూర్చున్నాడు, బొగ్గు రంగు సూటు, ఒళ్ళో టోపీ. ఫోర్తునాతా తల్లి దోన్యా కసిమీరాకి ఎనభై దాటాయి. ఆవిడ లేచి, మొదటి గుక్క సారా నేల మీద భూమాతకి పోసి, పాచమామా, ఈ బిడ్డని చల్లగా చూడు అంటూ చెప్పాల్సినవన్నీ చెప్పింది. నికనోర్ సంతోషం పట్టలేకపోయాడు. "ఎంత సహజంగా చేస్తోందో చూడు!" అన్నాడు నాతో.

సహజంగానే ఆవిడ ఇంకో పని కూడా చేసింది. మేం తీగలు సర్దుకుంటుంటే పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడలు చూసింది. "ఇదేం పద్ధతే? కొన్ని నీలం, కొన్ని పసుపు, ఐదు ఎరుపు! జాతరకి రంగులు కట్టి తోలుకెళ్ళే లామా అనుకున్నారా?" అని, తన మూటలోని ఎర్ర రిబ్బన్లు తీసి అన్నిటికీ కట్టేసింది. నికనోర్ ఆ తర్వాత వచ్చి, బిరుసు తడిమి రెండు గుర్రపు జడలు ఊడదీసి, మళ్ళీ తీయాల్సి వస్తే ఉంటాయని జేబులో వేసుకున్నాడు. రిబ్బన్ల వంక చూడలేదు.

ఎలుతేరియో వచ్చాడు. కుడికన్ను పిండి ముద్దతో మూసి ఉంది. ఎడమకంట్లోకి కాఫీ పిప్పి కారుతోంది. బుగ్గలు ఇంకా ఉబ్బెత్తుగా కుళ్ళినట్టుండాలని నోట్లో దూది. గొలుసు ఈడ్చుకుంటూ వచ్చి, వంగి, ఎర్ర రిబ్బను తడిమి, జడ పట్టుకుని కోశాడు. జనం కేకలు పెట్టారు. అదే క్షణంలో వీధిలో లారీ హారన్ కొట్టింది. శబ్దం చెడిందని నేను చెయ్యెత్తాను.

"ఇంకో టేకు!" అన్నాడు నికనోర్. పళ్ళెంలోని జడ పక్కన పెట్టాడు. ఎలుతేరియో వెనక్కెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ కోశాడు. ఈసారి కత్తెర చప్పుడు రొట్టె కొరికినట్టుంది. అది నాకు సరిపోలేదు. పోనిమ్మని ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ నేను మళ్ళీ చెయ్యెత్తాను.

"నెమ్మదిగా కొయ్యన్నా," అన్నాను. "ఒక్కో వెంట్రుకా వినపడాలి."

మూడోసారి నెమ్మదిగా కోశాడు. కరకరమని, చెవిలో కత్తెర పెట్టినంత స్పష్టంగా వచ్చింది. నేను బొటనవేలు చూపించాను. జనం చప్పట్లు కొట్టి రంగు కాగితాలు చల్లారు. సాంపోన్యాలు మొదలయ్యాయి. అంత మంచి శబ్దం నా జన్మలో పట్టలేదు.

నికనోర్ గుర్రపు జడలు తిరిగి ఇచ్చేయాలి. అవి డాన్సు బట్టలు అద్దెకిచ్చేవాడివి. పిల్ల తలలో వెతికాడు.

"ఇదొకటి," అన్నాడు. "ఇదొకటి. ఇదీ... ఒకటి." జేబు తడుముకున్నాడు. "రెండు." లెక్క ఐదు వచ్చాక అతని ముఖం పిండి పూసినట్టయింది. ఐదూ ఉంటే పళ్ళెంలో ఉన్నవేమిటి?

ఫోర్తునాతా పళ్ళెంలోని జడ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది నా బిడ్డ జుట్టు," అంది. "పొద్దున్నే నేను రాసిన ఆవు... కాదు, గొర్రె కొవ్వు వాసన." కోపంలో ఆవిడకి జంతువులు కలిసిపోతాయి. తర్వాత గరిటె కోసం చూసింది. నికనోర్ కెమెరాని బిడ్డలా గుండెకి హత్తుకున్నాడు.

"అమ్మా, ఇది సినిమా! సినిమాలో జరిగింది జరిగినట్టు కాదు. పోయిన సినిమాలో మీ ఆయన్ని చంపాను. మర్నాడు గిన్నెలు కడుగుతూ కనపడలేదూ?"

"ఆయన చచ్చుంటే కడిగేవాడా? ఇది తెగింది సారూ! అతికించు చూద్దాం!"

దోన్ విల్బర్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "మూడు జడలు తెగాయి. అంటే ఇప్పుడు నేనెవర్ని? నాలుగోవాణ్ణా? ఒక దెయ్యం తర్వాత కత్తెర పట్టుకోవడానికా నేను సూటు వేసుకొచ్చింది?"

"లెక్కలోకి రాదండీ," అంది ఫోర్తునాతా, ఏడుపు గొంతుతో. "అమ్మా, నువ్వైనా చెప్పవే, లెక్కలోకి రాదని."

అందరూ కసిమీరా వైపు తిరిగారు. ఆవిడ తొందరపడలేదు. గ్లాసులో మిగిలింది తాగి మూతి తుడుచుకుంది.

"నేను పోసింది నిజం సారా. చెప్పింది నిజం మాట. మీరు తాగింది నిజం బీరు, వాసన ఇక్కడికొస్తోంది. పాచమామకి కెమెరా సంగతి తెలీదు. ముందు ఎవడు కోస్తే వాడే. ఇతనైతే మూడుసార్లు కోశాడు, అంత శ్రద్ధగా కోసినవాణ్ణి నేనూ చూళ్ళేదు."

ఎలుతేరియో ఈ సేపంతా వాకిలి మధ్యలో కత్తెర పట్టుకుని నిలబడే ఉన్నాడు. నోట్లో దూదితో ఏదో అన్నాడు, మూలుగే వచ్చింది. ఇద్దరు పిల్లలు పారిపోయారు. చివరికి వేళ్ళు పెట్టి దూది లాగి పారేశాడు.

"అమ్మా, కనపడక జరిగింది. నేను తప్పుకుంటాను. దోన్ విల్బరే ఉండనీయండి. నా చెయ్యి పడలేదనుకోండి."

పదిహేడేళ్ళుగా ఎదురు చూసినది చేతికొచ్చింది, దాన్ని అతను అంత మామూలుగా పళ్ళెంలో తిరిగి పెట్టేశాడు. ఆ మాట అన్నప్పుడు హుస్తినా నా పక్కనే ఉంది. ఆవిడ తల వంచుకుని నా తీగ చుట్ట చుట్టడం మొదలుపెట్టింది, అది అప్పటికే చుట్టి ఉంది.

దోన్ విల్బర్ ఎవరి తర్వాతా కత్తెర పట్టనని చెప్పి వెళ్ళిపోయాడు. ఆవు ఆయనతోనే ఆగిపోయింది.

రెండు వారాలు నైదా నుదుటి మీద మూడు మొలకలతో తిరిగింది. ఫోర్తునాతా కొట్లో గిరాకీ మాత్రం పెరిగింది, ఎందుకంటే అందరికీ ఒక మాట అనాలని ఉండేది. "కొమాద్రె, నీ కొంపాద్రె సమాధిలోంచి ఎన్నింటికి లేస్తాడు?" "పులుసులో వెల్లుల్లి వెయ్యకు, దెయ్యం కొంపాద్రెకి పడదు." ఆవిడ గరిటెతోనే జవాబు చెప్పేది. కానీ ఇంట్లో కసిమీరా ఒకటే పోరు. మొదలుపెట్టిన జుట్టు సగంలో వదలకూడదు, వదిలితే పిల్ల మాట కూడా సగంలో ఆగిపోతుంది.

ఒక గురువారం ఫోర్తునాతా టోపీల కొట్టు ముందుకొచ్చి నిలబడింది. నేను నా కొట్లోంచి రేడియో గొంతు తగ్గించాను.

"ఆదివారం పొద్దున రా," అంది ఎలుతేరియోతో. "మా అమ్మ మాట. నాది కాదు. మొహం కడుక్కుని రా. చొక్కా, కోటు వేసుకుని మనిషిలా రా. గొలుసూ గిలుసూ తెచ్చావంటే గుమ్మం తొక్కనివ్వను."

"అలాగేనమ్మా."

"హుస్తినా, నువ్వు చూసుకో. చెవుల వెనక కూడా కడిగించు."

ఆవిడ అటు వెళ్ళగానే అతను పని మొదలుపెట్టాడు. జ్ఞానతండ్రి ఒట్టి చేతుల్తో వెళ్ళడు. హుస్తినా తన గొర్రెల్లో పిల్లతల్లిని ఎంచి మెడకి ఉన్ని పోగు కట్టింది. ఎలుతేరియోకి మాత్రం తన చేత్తో చేసింది ఇవ్వాలనిపించింది. గుండు చేశాక పిల్ల తలకి చలి కదా. నాలుగేళ్ళ పిల్ల తలకి సరిపోయే అచ్చు ఎవరి దగ్గరా ఉండదు. యూకలిప్టస్ మొద్దు తెచ్చి తనే చెక్కాడు. కొలత ఎక్కడిదంటే, ఒళ్ళో కూర్చుని పురుగులు తిన్నప్పుడు అరచేత్తో తల పట్టుకున్నాడట, ఆ కొలత. మంచి ఉన్ని, ఐదుసార్లు ఆవిరి, అంచుకి పట్టు దారం. పదిహేడేళ్ళ వేషాలకి పెట్టిన శ్రద్ధంతా దాని మీద పెట్టాడు.

ఆదివారం వెళ్ళాం. ఎలుతేరియో ముఖం నున్నగా, చెవులు ఎర్రగా ఉన్నాయి. నల్ల కోటు. గొర్రె, దాని పిల్ల, చేతిలో టోపీ పెట్టె. నికనోర్ కెమెరా తెచ్చాడు, నేను నా యంత్రం తెచ్చాను. వాకిట్లో అదే గుడ్డ, అదే పళ్ళెం. నైదాని తీసుకొచ్చారు. పిల్ల అతన్ని చూసి, కెవ్వుమని బల్ల కింద దూరింది.

"బయటికి రావే, మీ జ్ఞానతండ్రి వచ్చాడు," అంది తల్లి.

"కాదు! ఇతనెవరో! నా జ్ఞానతండ్రికి పురుగులుంటాయి!"

ఎలుతేరియో మోకాళ్ళ మీద కూర్చుని, చిన్నగా మూలిగాడు. బల్ల గుడ్డ కొంచెం లేచింది.

"గొంతు ఆయనదే," అంది పిల్ల లోపల్నుంచి. "మొహం ఎవరిదో వేసుకొచ్చాడు."

మిఠాయి చూపించారు, గొర్రెపిల్లని చూపించారు. రాలేదు. కాలు పట్టుకుని లాగబోతే కరిచింది. కసిమీరా ఎండ వంక చూసి, పొద్దు వాలితే పనికిరాదంది. జనం ఫోర్తునాతా వంక చూశారు. ఎలుతేరియో లేచి కోటు దులుపుకున్నాడు. మళ్ళీ తప్పుకుంటానంటాడేమోనని నాకు భయం వేసింది. అనడానికి నోరు తెరిచాడు కూడా.

"కూర్చో," అంది ఫోర్తునాతా.

వంటింట్లోకి వెళ్ళి పిండి ముద్ద కలుపుకొచ్చింది. పులుసు కుండ అడుగున గోకి మసి తెచ్చింది. సేమ్యాలు ఉడకేసింది. అతని గడ్డం పట్టుకుని, పిల్లలకి ముక్కు తుడిచినంత మొరటుగా ముఖం నిండా పట్టించింది.

"కుడికన్ను కూడా మూయాలమ్మా," అన్నాడు అతను వినయంగా. "ఇటు కొంచెం పల్చగా... దూది ఉందా?"

"నోరు తెరువు." కుక్కింది. "గొలుసు ఏదీ? ఎవరైనా గొలుసు తెండి!"

రిక్షా గొలుసు దొరికింది. అతను వీధిలోకి వెళ్ళి, గుమ్మం దగ్గర ఆగి, నన్ను చేత్తో పిలిచి ఎడమ బూటు చూపించాడు. అర్థమైంది. గులకరాయి వెతికి ఇచ్చాను. అది లేకుండా అతనికి ఆ నడక రాదు.

మిట్టమధ్యాహ్నం ఎండలో గొలుసు ఈడ్చుకుంటూ లోపలికొచ్చాడు. రెండు కుక్కలు వెంట వచ్చాయి. నైదా బల్ల కింద నుంచి పాకుతూ వచ్చి, ఒళ్ళో కూర్చుని, ఒక పురుగు తీసుకుని నములుతూ తల ముందుకి వంచింది. అతను నాలుగో జడ కోశాడు. తర్వాత కసిమీరా, తల్లి, తండ్రి, చుట్టాలు, ఆఖర్న నేను. తల నున్నగా అయ్యాక అతను పెట్టె తెరిచి టోపీ తీశాడు. వాకిలంతా ఒక్కసారి అబ్బా అంది. పిల్ల తల మీద పెట్టాడు.

టోపీ జారి ముక్కు మీద కూర్చుంది. రెండు వేళ్ళు ఎక్కువ. అరచేతి కొలత జుట్టుతో కలిపి తీసుకున్నదని అతనికప్పుడు తట్టింది. ముప్ఫై ఏళ్ళుగా టోపీలు చేస్తున్న మనిషి. పిండి ముద్ద కింద ఏం రంగు మారిందో గానీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

అతను టోపీ వెనక్కి తీసుకుని తిరగేశాడు. లోపలి తోలు పట్టీ గోటితో లేపాడు. మొదటి రోజు కోసిన మూడు జడలూ కసిమీరా దాచి తెచ్చి పళ్ళెంలో పెట్టింది. వాటిని మెలి తిప్పి, పట్టీ కింద చుట్టూ దూర్చి, బొటనవేలితో సర్దాడు. మళ్ళీ పెట్టాడు. కనుబొమ్మల మీద, గీత గీసినట్టు సరిగ్గా నిలిచింది. మూడు టేకులూ అందులోకి సరిపోయాయి.

ఫోర్తునాతా టోపీ అంచు పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసింది. కదలలేదు. పులుసు గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది.

"చల్లారకముందే తాగు, కొంపాద్రె," అంది.

ఇక అతను చెప్పాల్సింది ఒక్కటే మాట. కొమాద్రె అనాలి. పది సినిమాల్లో లేని మాట అది. నేను మైకు దగ్గరికి జరిపాను. అతను నోరు తెరిచాడు. నోటి నిండా ఆవిడ కుక్కిన దూది. మూలుగు వచ్చింది.

ఫోర్తునాతా తలూపి, గిన్నెలో ఇంకో ముక్క వేసింది. నేను రెండో టేకు అడగలేదు.